ఉప్పు, తుప్పు, నాన్న డాల్ఫిన్ కారు



పోయినసారి వంటింటి మాటలు రాశాను. ఈసారి బండి మాటలు. ఇది కొంచెం పొడుగు, ముందే చెప్తున్నాను. మెల్లగా చదవండి. నేనూ మెల్లగానే రాశాను, మూడు ఆదివారాలు పట్టింది.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నా గురించి రెండు ముక్కలు. నేను పుట్టి పెరిగింది విశాఖపట్నంలో. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళం. బడి మాత్రం ఇంగ్లీషు మీడియం. అక్కడ నోట్లోంచి తెలుగు మాట వస్తే పావలా జరిమానా. రెండో భాషగా హిందీ తీసుకున్నాను. అలా తెలుగు మాట్లాడటం వచ్చింది, చదవటం రాలేదు. ఒత్తులు, గుణింతాలు నేర్చుకున్నది అరవై దగ్గర పడ్డాక, ఇక్కడ కెనడాలో, ఒక్కదాన్నే కూర్చుని. కాబట్టి తప్పులుంటే చెప్పండి. ఏమీ అనుకోను.

ఒంటారియోలో మా గుడిలో నాది వంటశాల సేవ కాదు, పార్కింగ్ సేవ. చలికాలం నాలుగు స్వెటర్లు, పైన మెరిసే పసుపుపచ్చ జాకెట్టు. వేసవి వస్తే శనివారాలు వాహన పూజలుంటాయి. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టడం, పూజ అయ్యాక కొబ్బరి పెంకులు ఊడవటం నా పని. పెంకు టైరులో గుచ్చుకుంటే కొత్త బండికి మొదటి రోజే పంక్చరు. వచ్చేవన్నీ దాదాపు ఒకేలాంటి బండ్లు. తెలుపు, నలుపు, బూడిద రంగు. వచ్చినవాళ్ళు అడిగే మాట కూడా ఒకటే: "ఆంటీ, కుంకం పెడితే పెయింటు పాడవదు కదా?"

రెండేళ్ళ కింద ఒక శనివారం, పచ్చ రంగు కారు ఒకటి వచ్చింది. ఆకుపచ్చ అంటే మామిడాకు పచ్చ కాదు, చిలకపచ్చకీ దానికీ మధ్యలో ఏదో. నేలకి ఆనుకున్నట్టు ఉంది. ముక్కు పొడుగు. ఆగింది. రెండు తలుపులూ పక్కకి కాకుండా పైకి లేచాయి, రెక్కల్లాగ. ప్రసాదం పొట్లాలు పట్టుకున్న పిల్లలంతా పరుగెత్తుకొచ్చారు. అయ్యగారు పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "గరుడ వాహనమా అమ్మా?" అన్నారు నాతో, మెల్లగా.

దిగినాయన రాజమండ్రి వైపు మనిషి, నాకంటే కొంచెం పెద్ద. ఫ్యాక్టరీలో మెషినిస్టుగా చేసి రిటైరయ్యారట. ఏళ్ళ తరబడి గ్యారేజీలో పెట్టుకుని ఆ కారుని మళ్ళీ నడిచేలా చేశారట. నేను అలవాటు కొద్దీ, "కుంకం పెడితే పెయింటు..." అని మొదలుపెట్టాను. ఆయన నవ్వారు. "దీనికి పెయింటే లేదండీ. రంగు ప్లాస్టిక్‌లోనే కలిసి ఉంది. మీ ఇష్టం వచ్చినంత పెట్టండి."

ప్లాస్టిక్ అనగానే నా చెయ్యి చీపురు మీదే ఆగిపోయింది. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఆ కారు కథ.

దాని పేరు బ్రిక్లిన్ ఎస్‌వి-1. పుట్టింది కెనడాలోనే, న్యూ బ్రున్స్‌విక్ రాష్ట్రంలో. మాల్కం బ్రిక్లిన్ అనే అమెరికన్ వ్యాపారి ఆలోచన అది. అంతకు ముందు 1968లో సుబారు కార్లని అమెరికాకి తెచ్చింది ఆయనే. తర్వాత 1985లో యూగోస్లావియా నుంచి యూగో అనే చిన్న కారుని తెచ్చిందీ ఆయనే. ఎస్‌వి అంటే రక్షణ గల బండి అని అర్థం. కారు నడుపుతూ సిగరెట్టు కాల్చటం ప్రమాదమని అందులో సిగరెట్టు లైటరు పెట్టలేదు, బూడిద పడేసే డబ్బా కూడా పెట్టలేదు. 1974లో ఆ మాట అనాలంటే ధైర్యం కావాలి.

న్యూ బ్రున్స్‌విక్‌లో అప్పుడు ఉద్యోగాలు తక్కువ. అక్కడి ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి ఆయన, రిచర్డ్ హాట్‌ఫీల్డ్. ఆయన ప్రభుత్వ డబ్బు ఇచ్చి ఫ్యాక్టరీ పెట్టించారు. బాడీ ముక్కలు మింటో అనే ఊళ్ళో, కారు బిగించటం సెయింట్ జాన్‌లో. 1974 ఎన్నికల ప్రచారానికి ఆయన ఆ కారులోనే తిరిగారు, గెలిచారు కూడా. కానీ కారు గెలవలేదు. రంగు ప్లాస్టిక్ పొరని ఫైబర్‌గ్లాస్‌కి అతికించే పని చాలా కష్టం. ఎన్నో ముక్కలు పగిలి చెత్తలోకి పోయేవి. ధర మొదట 7,490 డాలర్లు, మరుసటి ఏడాదికే 9,980. 1975లో కంపెనీ మూతపడింది. మొత్తం తయారైనవి 3,000 లోపే. జనం సొమ్ము 2 కోట్ల డాలర్లకు పైగా మునిగింది. అయినా 2003లో కెనడా టంకశాల ఆ కారు బొమ్మతో వెండి నాణెం వేసింది. ఓడిపోయిన దాన్ని కూడా ఇలా దాచుకునే దేశం ఇది. నాకు ఈ గుణం నచ్చుతుంది.

ఇప్పుడు ప్లాస్టిక్ మాట.

1984. నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మా నాన్నది పోర్టులో లెక్కల విభాగం. మారుతి అప్పుడే వచ్చింది, ఊరంతా దాని కోసం బుక్ చేసుకుని కూర్చుంది. మిగిలినవాళ్ళకి అంబాసిడర్, ఫియట్. మా నాన్న ఈ మూడూ వదిలేసి బెంగుళూరు వెళ్ళి సిపాని డాల్ఫిన్ కొనుక్కొచ్చారు.

డాల్ఫిన్ పేరు మీలో చాలామంది విని ఉండరు. బెంగుళూరులో సిపాని వాళ్ళు అంతకు ముందు బాదల్ అని మూడు చక్రాల కారు చేశారు. మబ్బు అని దానర్థం. తర్వాత ఇంగ్లాండులో టామ్‌వర్త్ అనే ఊళ్ళో ఉన్న రిలయంట్ కంపెనీ దగ్గర నుంచి కిట్టెన్ అనే చిన్న కారు నమూనా తీసుకుని, దానికి డాల్ఫిన్ అని పేరు పెట్టారు. నాలుగు చక్రాలు, రెండే తలుపులు. 848 సీసీ అల్యూమినియం ఇంజను. పైన తొడుగంతా ఫైబర్‌గ్లాస్. బరువు తక్కువ, అందుకని చురుకు ఎక్కువ. మద్రాసు పక్కన షోలవరంలో జరిగే రేసుల్లో కుర్రాళ్ళు దాన్ని ఇష్టంగా నడిపేవారు.

మా వీధిలో మాత్రం దాని పేరు "ప్లాస్టిక్ డబ్బా". పిల్లలు వచ్చి బానెట్ మీద వేళ్ళతో కొట్టి చూసేవారు, టంగుమంటుందా టకటకమంటుందా అని. టకటకమనేది. "మేస్టారూ, ఎండకి కరిగిపోదా?" అని పక్కింటాయన. నాన్న జవాబు ఎప్పుడూ ఒకటే. "ఉప్పు గాలికి తుప్పు పట్టదు."

మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గర. అక్కడ గేటు తుప్పు, కిటికీ ఊచలు తుప్పు, సైకిలు గొలుసు తుప్పు. మా పాత స్కూటరుకి కింద రేకే మిగల్లేదు. నాన్న లెక్కల మనిషి. ఊరి జనం ముచ్చట చూసి కాదు, ఆ రేకు చూసి కారు కొన్నారు. ఇప్పుడు నాకు ఇది అర్థమవుతుంది. అప్పుడు ఇరవై రెండేళ్ళ అమ్మాయికి అర్థం కాలేదు. స్నేహితురాళ్ళ ముందు ఆ కారులోంచి దిగాలంటే తల తీసేసినట్టుండేది. రెండో వారంలోనే చెప్పేశాను. "నాన్నా, యూనివర్సిటీ గేటు దాకా వద్దు. పెదవాల్తేరు మలుపులో దింపేయండి. నడిచి వెళ్తాను."

ఆయన ఎందుకని అడగలేదు. సరే అన్నారు.

1987లో పెళ్ళయి కెనడా వచ్చాను. ఇక్కడా రోడ్ల మీద వింత బండ్లు కనిపించేవి. అమెరికాలో ఎప్పుడూ అమ్మని రష్యా లాడాలు ఇక్కడ అమ్మేవారు. మేం ఒక పాత కారు కొన్నాం. కంపెనీ పేరు ఎందుకులెండి, తప్పు కంపెనీది కాదు. చలికాలంలో ఇక్కడ మంచు కరగటానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు నీళ్ళు బండి కింద చేరతాయి, ఇనుము తడిగా ఉన్నప్పుడు ఉప్పు తోడైతే తుప్పు తొందరగా పడుతుంది. మూడో చలికాలానికి నా కాళ్ళ కింద రబ్బరు చాప తీస్తే రోడ్డు కనిపించింది. నిజంగా! గీతలతో సహా. దానిలోంచి రోడ్డుని చూస్తూ, ఏడు సముద్రాల అవతల నుంచి నాన్న గొంతు విన్నాను. ఉప్పు గాలికి తుప్పు పట్టదు.

ఆ ఆదివారం ఫోనులో ఆయనతో చెప్దామనుకున్నాను. నిమిషానికి డబ్బులు లెక్కపెట్టుకుని మాట్లాడే రోజులు. ఆరోగ్యం, వానలు, తమ్ముడి పరీక్షలు. అంతే, టైము అయిపోయింది. తర్వాత కూడా చెప్పలేదు.

మా అబ్బాయి చిన్నప్పుడు వాడిని ఒషావాలో ఉన్న కెనడియన్ ఆటోమోటివ్ మ్యూజియంకి తీసుకెళ్ళేదాన్ని. వాడికంటే నాకే ఇష్టం. పాత కార్ల షాపు భవనంలోనే మ్యూజియం ఉంది. ఒషావాలో మెక్‌లాఫ్లిన్ కుటుంబం మొదట గుర్రబ్బండ్లు చేసేవారు. 1907లో బ్యూక్ ఇంజన్లు పెట్టి కార్లు మొదలుపెట్టారు. 1918లో అది జనరల్ మోటార్స్ ఆఫ్ కెనడా అయింది. గెలిచిన కథ అది ఒక్కటే. మిగిలిన కథలన్నీ ఓడిపోయినవాళ్ళవి. స్ట్రాట్‌ఫర్డ్ ఊళ్ళో బ్రూక్స్ అనే కంపెనీ 1920లలో, అందరూ పెట్రోలు కార్లు కొంటున్నప్పుడు, ఆవిరితో నడిచే కారు చేసింది. క్యుబెక్‌లో 1969 నుంచి 1971 వరకు మానిక్ జీటీ అని అందమైన కారు చేశారు. రెనో 8 కారు అడుగు భాగం తీసుకుని పైన ఫైబర్‌గ్లాస్ తొడిగారు. సుమారు 160 కార్లతో ఆగిపోయింది. అన్నిటికంటే మొదటిది 1867లో హెన్రీ సెత్ టేలర్ అనే వాచీలు బాగుచేసే ఆయన చేసిన ఆవిరి బండి. క్యుబెక్‌లో స్టాన్‌స్టెడ్ ఊరి సంతలో అందరికీ చూపించాడు. అన్నీ పెట్టాడు గానీ బ్రేకులు పెట్టలేదు. ఒకరోజు కొండ దిగుతూ పడిపోయింది. ఆ ముక్కల్ని తీసుకెళ్ళి కొట్టంలో పడేశాడు. ఇప్పుడు అది ఒట్టావాలో మ్యూజియంలో ఉంది.

చిన్న కంపెనీలు అన్నీ ఫైబర్‌గ్లాస్ వెంట ఎందుకు పడతాయో నాకు చాలా రోజులు తెలియలేదు. గుడి దగ్గర ఆ బ్రిక్లిన్ ఆయన రెండు నిమిషాల్లో చెప్పేశారు. ఉక్కు రేకుని తలుపులాగా, బానెట్‌లాగా వంచాలంటే ఏనుగంత ప్రెస్సులు కావాలి, ప్రతి ముక్కకీ వేరే అచ్చులు కావాలి. వాటికే కోట్లు పోయాలి. లక్షల కార్లు అమ్మేవాడికి అది గిట్టుతుంది. వెయ్యి కార్లు చేసేవాడికి ఎలా గిట్టుతుంది? ఫైబర్‌గ్లాస్‌కి అంత అక్కర్లేదు. ఒక అచ్చు ఉంటే చాలు. గాజు పోగుల చాప పరిచి, జిగురు లాంటి రెజిన్ పోసి, బ్రష్షుతో అద్ది, గట్టిపడ్డాక ఊడదీయటమే. మన మినప అప్పడాలు ఒక్కొక్కటీ చేత్తో ఒత్తినట్టు. చిక్కు కూడా అక్కడే ఉంది. చేత్తో ఒత్తే అప్పడాలతో ఊరందరికీ భోజనం పెట్టలేం. అందుకే ఈ కార్లు మొదలు కావటం తేలిక, పెద్దవి కావటం కష్టం. తూర్పు జర్మనీలో ట్రబాంట్ ఒక్కటే వేరు. వాళ్ళు పత్తి పోగులూ రెజినూ కలిపి వేడి ప్రెస్సులో ఒత్తి, 1957 నుంచి 1991 వరకు సుమారు 30 లక్షల కార్లు చేశారు. అక్కడ జనానికి ఎంచుకోవటానికి వేరే కార్లు పెద్దగా లేవు మరి.

ఇదంతా వింటూ, "మా నాన్నగారికి డాల్ఫిన్ ఉండేదండీ" అన్నాను. ఆ మాట నేను గర్వంగా అనటం అదే మొదటిసారి. ఆయన కళ్ళు పెద్దవి చేసి, "ఇంకా ఉందా?" అన్నారు.

కారు లేదు. దాని పుస్తకం ఉంది.

నాన్న 2009లో పోయారు. రెండేళ్ళ తర్వాత తమ్ముడు ఇల్లు సర్దుతూ ఒక పొడుగాటి లెక్కల పుస్తకం నాకు పంపాడు. మీద "బండి పుస్తకం" అని ఉందట, ఫోనులో వాడే చదివి చెప్పాడు. లోపల ప్రతిరోజూ ఒక వరస. తారీఖు, మీటరు రీడింగు, పెట్రోలు ఎన్ని లీటర్లు, ఎంత డబ్బు. చివర ఒకటి రెండు మాటలు తెలుగులో. అంకెలు నేను చదవగలను. మాటలు చదవలేను. పదేళ్ళు అంకెలు మాత్రమే చూస్తూ ఉన్నాను. మా నాన్న రాసింది నేను చదవలేకపోవటం ఏమిటి అని అప్పుడప్పుడు సిగ్గేసేది, మళ్ళీ బీరువాలో పెట్టేసేదాన్ని.

2020లో గుడి మూసేశారు. పార్కింగ్ లేదు, నిమ్మకాయలు లేవు. ఇంట్లో కూర్చుని అ, ఆ మొదలుపెట్టాను. అచ్చు అక్షరాలు ఆరు నెలల్లో వచ్చాయి. నాన్న చేతిరాత ఇంకో ఏడాది పట్టింది. మీలో ఎవరైనా అమ్మమ్మల ఉత్తరాలు చదవటానికి ప్రయత్నిస్తుంటే ఈ కష్టం మీకు తెలుసు. పుస్తకంలో ఒక్కో అక్షరం ఒకలా ఉంటుంది, మన పెద్దవాళ్ళ చేతిలో ఇంకోలా ఉంటుంది.

"మార్కెట్." చదివాను. "ఆసుపత్రి, అమ్మ." చదివాను. "సింహాచలం, అందరం." అది చదివి చాలాసేపు సంతోషపడ్డాను. తర్వాత ఒక మాట పదే పదే వచ్చింది. "అమ్మాయి కాలేజీ, వలపు దాకా." వలపు అంటే ప్రేమ అని అప్పటికే పాత సినిమా పాటల వల్ల తెలుసు. కాలేజీకి వెళ్ళే అమ్మాయి, వలపు దాకా! మా నాన్న నా గురించి ఏమనుకున్నారు అని భయపడ్డాను. గుడి మళ్ళీ తెరిచాక పుస్తకం తీసుకెళ్ళి, రిటైరైన తెలుగు టీచరుగారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, పకపకా నవ్వారు.

"వలపు కాదమ్మా, మలుపు. మీ నాన్నగారు మ-కి తోక మరీ చిన్నగా వేశారు. మలుపు దాకా."

నేనూ నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఏ మలుపమ్మా?" అన్నారావిడ. చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నారు.

ఇంటికి వచ్చి లెక్కపెట్టాను. "మలుపు దాకా" అని 41 సార్లు ఉంది. పక్కన ఇంకేమీ లేదు. కోపం లేదు, బాధ లేదు. దూరం తగ్గింది కాబట్టి రాసుకున్నారు, అంతేనేమో. లెక్కల మనిషి కదా. లేక ఇంకేమైనా ఉందా? ఎన్నిసార్లు చదివినా ఆ రెండు మాటలు ఆ రెండు మాటలే. ఒక్క రోజు మాత్రం వేరేగా ఉంది. "పెద్ద వాన. గేటు దాకా." ఆ రోజు నాకు గుర్తుంది. గొడుగు మర్చిపోయాను. తలుపు తీసుకుని వెనక్కి చూడకుండా పరుగెత్తాను.

పుస్తకంలో చివరి వరస 1991లో ఉంది. "బండి ఇచ్చేశాను. కొన్న కుర్రాడు రేసుకి తయారు చేస్తాడట. తుప్పు లేదని మెచ్చుకున్నాడు."

ఆ శనివారం పూజ అయ్యింది. అయ్యగారు హారతి ఇచ్చారు. ఆయన ఒక స్విచ్చు నొక్కితే ముందు దీపాలు రెండూ కళ్ళు తెరిచినట్టు పైకి లేచాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు. నాలుగు నిమ్మకాయలూ చక్కగా నలిగాయి. నేను చీపురు తీసుకోబోతుంటే ఆయన పిలిచారు. "ఎక్కండమ్మా, ఒక రౌండు వెళ్దాం. డాల్ఫిన్ వాళ్ళమ్మాయి కదా."

పసుపుపచ్చ జాకెట్టుతోనే ఎక్కాను. రెక్క కిందికి దిగింది. లోపల చిన్న గదిలా ఉంది, కొత్త మైనం వాసన. కిటికీ పక్కన వేళ్ళతో కొట్టి చూశాను. టకటకమంది. పార్కింగ్ చుట్టూ ఒకటికి రెండు రౌండ్లు తిప్పారు. షెడ్డు వెనక మలుపు దగ్గర నెమ్మది చేసి, "ఎక్కడ దింపమంటారు?" అన్నారు.

"గుడి ముందే దింపండి" అన్నాను. "అందరూ ఉన్నచోట."

ఈసారి నేర్చుకునే మాటలు నాలుగు. ఉప్పు: కూరలో వేసేది, సముద్రంలో ఉండేది, ఇక్కడ రోడ్డు మీద చల్లేది. తుప్పు: తడి తగిలిన ఇనుము మీద పట్టే ఎర్రటి పొడి, తుప్పు "పడుతుంది" అనాలి, "వస్తుంది" అని నేను చాలా రోజులు తప్పు అన్నాను. అచ్చు: బొమ్మైనా బానెట్ అయినా ఒకే ఆకారంలో మళ్ళీ మళ్ళీ రావటానికి వాడేది, పుస్తకాల అచ్చు కూడా ఇదే మాట. మలుపు: దారి తిరిగే చోటు. వలపుతో కలపకండి.

మీ ఇళ్ళల్లో కూడా ఎక్కడో ఒక బండి పుస్తకమో, పాల లెక్కో, చాకలి పద్దో ఉండే ఉంటుంది. అంకెలు చూసి మూసేయకండి. పక్కన ఉన్న మాట ఒక్కటి ఈ వారం చదవటానికి ప్రయత్నించండి. అర్థం కాకపోతే ఫోటో తీసి పంపండి. మా టీచరుగారు ఉన్నారు, నేనున్నాను.

ఉంటాను.